గాల్ల ఆగిన సుమో

జడ్చర్ల ఫ్లైఓవర్ కింద నాది మెకానిక్ షెడ్డు.
పొద్దుందాక బండ్ల కిందనే పండుకుంట.
ఆకాశమంటే నాకు
నూనె కారే చాంబరు, తుప్పు వట్టిన చాసిస్సు.
అసొంటోని ముంగట ఆదివారం సెకండ్ షోల
ఇరవై ఏడు సుమోలు కొంగల లెక్క పైకి లేస్తే
ఎట్లుంటదో మీరే చెప్పుండ్రి.

ఒక దిక్కు హెల్పర్ అజారు,
ఇంకో దిక్కు మా చిన్నత్త ఈదమ్మ.
ఆమె సినిమాకొచ్చి పదకొండేండ్లాయె.
కొంగుల ఉడకవెట్టిన పల్లికాయ మూట,
నోట్ల మిగిలినయి నాలుగు పండ్లు.

హీరో వచ్చిండు.
వచ్చుడంటే గట్లిట్ల వచ్చుడా?
ముందుగాల చెప్పు వచ్చింది,
చెప్పెంబడి దుమ్ము, దుమ్మెంబడి గాలి,
గాలికి ముప్పైమంది రౌడీల లుంగీలు లేసినయి,
అండ్ల నలుగురు సిగ్గువడి ఇంటికి వోయిన్రు,
అప్పుడొచ్చిండు.
చేతిల కత్తి లేదు, కట్టె లేదు,
ఒక్క సొరకాయ.

ఆ సొరకాయతోని కొడితే
ఒకడు ఎగిరి ట్రాన్స్‌ఫార్మర్ మీద వడ్డడు,
ఊరంత కరెంటు వోయింది.
ఇంకొకడు ఎగిరి అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద వడ్డడు,
కరెంటొచ్చింది.
"మంచిగైంది, లైన్‌మెన్‌కు ఫోన్ చేసే పని లేదు"
అన్నది అత్త, గట్టిగనే.
హాలు హాలంత ఆమె దిక్కు తిరిగి నవ్వింది.

ఇగ సుమోల వంతు.
హీరో ముక్కు గోక్కున్నడు,
ఒక్క తుమ్ము తుమ్మిండు.
వరుసవెట్టి లేసినయి.
నేను లెక్కవెట్టుడు షురూ చేసిన:
బంపరు నాలుగు వేలు, రేడియేటరు ఆరు,
డెంటింగు, పెయింటింగు, లేబర్ వేరే...
"ఉస్తాద్, ఇడిసిపెట్టు, ఇది షెడ్డు గాదు"
అని అజారు నా మోకాలు మీద ఒక్కటేసిండు.
ఇడిసిపెట్టిన.
బిల్లు యాడ్నో గాల్లకే వోయింది.
హాల్ల ఎవడో పిచ్చిపిచ్చిగ ఈలలేస్తున్నడు,
ఎవడా అని చూస్తే
నేనే.

ఆఖరి సుమో, తెల్లది,
నాలుగు చక్రాలు మీదికి వెట్టి గాల్ల తిరుగుతుండంగ
నిజం కరెంటు వోయింది.
జనరేటర్ల డీజిల్ లేదంట.
తెర కనవడ్తలేదు గని
అది ఆడ్నే ఉన్నదని అందరికి ఎర్కే.
ఒక్కడు లేస్తలేడు.
బండిని గాల్ల ఇడిసి ఎవడు ఇంటికి వోతడు?

"హేండ్ బ్రేక్ గుంజినవా అన్నా" అని
ముందు కుర్చీలకెల్లి ఒకడు.
"స్టెప్నీ ఊడేటట్టున్నది, కిందోళ్లు జరుగుండ్రి" అని ఇంకొకడు.
బాల్కనీలకెల్లి, డ్యూటీ దిగి వచ్చిండేమో,
"రైట్ రైట్" అన్నడు ఒక కండక్టరు.

అత్త మెల్లగ అడిగింది:
"లోపట డ్రైవరున్నడా?"
లేడత్తా, తీగలు గట్టి లేపుతరు.
"తీగలు నువ్వు జూసినవా?"
లే.
"మరి ఉన్నడు."
ఒక పల్లికాయ ఒలిసి
చీకట్ల తడుముకుంట నా చేతిల వెట్టింది.

ఇరవై నిమిషాలకు కరెంటొచ్చింది.
సుమో ఇంకో మూడు పల్టీలు గొట్టి
చెరుకు రసం బండి పక్కన
పార్కింగ్ చేసినట్టే దిగింది.
డోరు తెరుసుకున్నది.
ఒక బక్కపానం మనిషి బయటికొచ్చి
అంగీ దులుపుకొని, హీరోను అడిగిండు:
"ఇడ చాయ్ దొరుకుతదా?"

ఈదమ్మత్త నా ఈపు మీద సరిచిన సరుపుకు
నోట్ల పల్లికాయ ముందు వరుసల వడ్డది.
"నేను చెప్పలే! నేను చెప్పలే!"
నాలుగు పండ్లు, నలభై పండ్లున్నట్టు మెరిసినయి.
బస్సుల గూడ అదే ముచ్చట,
పక్క సీటామెకు, వెనుక సీటాయనకు,
సినిమా చూడనోళ్లకు సుత,
"మెకానిక్కంట, వీనికేం తెల్వదు."

సోమవారం పొద్దుగాల
తిమ్మాజీపేట రోడ్డు గుంతల యాక్సిల్ ఇరిగి
ఒక సుమో వచ్చింది. తెల్లదే.
మూడడుగుల లోతు నుంచి ఎగిరెచ్చిందంట గంతే.
కిందికి దూరి పండుకున్న.
అదే చాంబరు, అదే తుప్పు.
అటిటు చూసి
మెల్లగ ఒక్కసారి తుమ్మిన.

అజారు జాకీ అండ్లనే ఇడిసి
నాలుగడుగులు దూరం జరిగిండు.