కాయ కాసిన చెయ్యి

నెల్లిమర్ల దారిలో కోళ్ళ షెడ్డు.
వారానికి రెండుసార్లు నీళ్ళ డ్రమ్ములో
పసుప్పచ్చ పొడి కలుపుతాడు గొర్లె సింహాద్రప్పడు.
"ఏటో మందటమ్మా. ఏస్తే కోడి సావదట,
బరువెక్కుద్దట."
అంతవరకే తెలుసు అతనికి.
విజయనగరం పెద్దాసుపత్రిలో, మూడో మంచం మీద
సెలైన్ సీసా కేసి చూస్తూ చెప్పాడు.
షెడ్డులో చచ్చిన కోడిని కూర వండుకున్న
నాలుగో రోజది.

అతని కడుపులోది చిటికెడు
మెట్ల కింద గదిలో మూడు రాత్రులు పెంచాను.
కరెంటు పోయినప్పుడల్లా
ఇంక్యుబేటర్‌కి దుప్పటి కప్పి
పక్కనే కూర్చున్నాను, బాలింత దగ్గర కూర్చున్నట్టు.

పొద్దున్న మూత తీశాను.
ఆరు కాగితం బిళ్ళలు, ఒక్కోదాన్లో ఒక్కో మందు.
మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ
చీపురుతో ఊడ్చినట్టు గుండ్రంగా ఖాళీ ఉండాలి.
నాలుగింటి చుట్టూ ఏమీ లేదు.
వానాకాలం గోడెక్కిన నాచులా
బిళ్ళ అంచు దాకా పాకేశాయి.

భయమేసింది.
భయం కాస్త సర్దుకున్నాక ఇంకోటి కనిపించింది.
చుక్కలు మరీ చిన్నవి.
ఈపాటికి ఆవగింజంత కావాలి,
ఇవి గసగసాలు.

మా కుప్పిలి రత్నాజీ గారు
కళ్ళజోడు నెత్తి మీదకి నెట్టి అన్నారు:
"తలుపులు మూసేసుకుంది ఇది,
విషం లోపలికి రాకుండా.
తిండి వచ్చేదీ ఆ తలుపులోంచే కదమ్మా!"

లోపలి చీటీలో ఎక్కడో
ఒక్క అక్షరం తప్పు రాసుకుంది.
ఆ తప్పుతోనే బతికింది,
ఆ తప్పుతోనే ఈసురోమంటోంది.

మా అయ్య గుర్తొచ్చాడు.
జూట్ మిల్లులో ఇరవై రెండేళ్ళు.
నార కోసీ కోసీ అరచేతులు కాయలు కాశాయి.
ఆ తర్వాత ఏ నారా ఆ చేతుల్ని కోయలేదు.
అంబలి కుండ పొయ్యి మీంచి ఉత్తచేత్తో దించేవాడు.
నాకు జ్వరమొచ్చిన రాత్రి
నుదుటి మీద చెయ్యేసి
"ఏటీ లేదే, సల్లగే ఉన్నావు" అన్నాడు.
నూట మూడు.

దీని మీద జాలిపడబోయాను.
రత్నాజీ గారు ప్లేటు తిప్పి ఒక మూల చూపించారు.
గసగసాల మధ్య ఒకే ఒక్క చుక్క
బలిసి, మెరుస్తూ.
అది రెండో తప్పు కూడా రాసుకుంది,
మొదటి తప్పుకి ఊతకర్ర.
తలుపు మూసే ఉంది, పొయ్యి వెలుగుతోంది.
"దీంతోనే మనకి పేచీ" అన్నారాయన.
నవ్వలేదు.

ఆరో బిళ్ళ చుట్టూ మాత్రం
పది రూపాయల నాణెం కన్నా పెద్ద ఖాళీ.
పాత మందు. స్టోరులో అడుగు అరలో
దుమ్ము పట్టి ఉంది డబ్బా,
పేరు చెప్తే హౌస్ సర్జన్లు రెండోసారి అడుగుతారు.
నాలుగు మందులకి గట్టిపడ్డ ఒళ్ళు
దీనికి మాత్రం మునుపటికన్నా మెత్తబడిందట.
ఎన్నాళ్ళకి?
బలిసిన ఆ చుక్కని అడగాలి.

మిల్లీమీటర్లు కొలిచి, రాసి, పైకి పంపాను.
సాయంత్రానికి ఇంజక్షన్ మారింది.
ఐదో రోజు గంజి అడిగి తాగాడట.

వెళ్ళేముందు మెట్ల కిందకి వచ్చాడు.
మూత తీయకుండా ప్లేటు చూపించాను.
చాలాసేపు చూశాడు.
"దీనికీ కట్టమే కదేటమ్మా" అన్నాడు.
తలుపు దాకా వెళ్ళి, ఆగి,
"రేపు పొడి కలిపే రోజు.
కలపనంటే సేటు ఇంకోడ్ని ఎట్టుకుంటాడు."

కుళాయి దగ్గరకి పిలిచి
అతని చేతులు సబ్బుతో కడిగించాను.
గీతల్లో పసుపు
పోలేదు.