జీరో టికెట్

నా గొంతు డిపో సొమ్ము.
పదకొండేండ్ల సంది రెండువందల పంతొమ్మిదిల
సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు దాక
"ముందుకు జరగాలె, లోపలికి జరగాలె" అని
అరిచి అరిచి రాటుదేలిన గొంతు.
బాలానగర్ కాడ ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లగాడు సుత
ఈ గొంతు వింటె లోపలికొస్తడు.

ఒక ఐతారం
దాన్నే తీస్కొని బొల్లారం గ్రౌండుకు పోయిన.
డ్యూటీ దిగి, ఖాకీ సుత మార్చకుంట.
మా రుత్వికది నాలుగో నంబర్. డిఫెన్సు.
డిఫెన్సంటె ఏందో నాకప్పుడు తెల్వదు.
అందరు ముందటికి ఉరుకుతుంటె
నా బిడ్డొక్కతే ఎనుక నిలబడ్డదని
కడుపుల మంట లేశింది.

"ముందుకు జరుగు రుత్వీ! జరుగు!"

జరిగింది.
పదమూడేండ్లు నా మాట విన్న కాళ్ళు గద, జరిగినయ్.
ఆమె ఇడిసిన జాగల నుంచి
బంతి సల్లగ ఎల్లిపోయి వలల పడ్డది.

అల్వాల్ దాటినంక సుత స్కూటీ మీద మాట లేదు.
లోతుకుంట సిగ్నల్ కాడ ఆగితె
హెల్మెట్ నా ఈపుకు ఆనిచ్చి అన్నది:
"అమ్మా, మేడం ఒకటి చెప్తది, నువ్వొకటి చెప్తవ్.
నాకున్నయి రెండే కాళ్ళు."

పచ్చలైటు పడ్డది. నాకు బండి కదలలే.
ఎనుక ఆటోలు, ట్యాంకరు, ఒకటే హారన్లు,
జరుగు, జరుగు అని రోడ్డంత నా మీద పడి అరుస్తుంటె
ఎట్లుంటదో అప్పుడెరుకైంది.

ఆ మీది ఐతారం
విజిల్ డిపోల పెట్టిచ్చిన.
నీళ్ళ డబ్బా, ఒలిచిన బత్తాయిలు, రెండు పిన్నీసులు,
ఒక సోంపు పొట్లం.
నోరు ఖాళీగుంటె అరుస్తనని భయం.

నోరు మూస్తె కండ్లు తెరుసుకున్నయ్.
నా బిడ్డ చెయ్యి ఎనుకకు పెట్టి
గోల్‌ల ఉన్న తబస్సుమ్‌కు వేళ్ళతోని ఏదో చెప్తది.
మెర్సీని "నువ్వటు" అంటది, ఇంకో పిల్లను "నువ్వాడనే ఉండు" అంటది.
ఎవరెక్కడ నిలబడాలెనో ఎరుకున్న పిల్ల.
ఇన్నేండ్లు నేను బస్సుల చేసే పనే గద ఇది,
అరవకుంట చేస్తున్నది.

పక్కన ఎవరో నాయిన కంచె ఊపుకుంట
"కొట్టవేందే! నీకు తిండి దండుగ!" అంటున్నడు.
ఆయన బిడ్డ బంతిని చూస్తలేదు, ఆయన్నే చూస్తున్నది.
నేనేమనలే.
చెయ్యి చాపి, ఇన్ని సోంపు ఇచ్చిన.

మూడు సున్నా. ఓడిపోయినం.
అవుతలి టీము గోల్‌కీపర్ బక్కపిల్ల,
గాలిల ఎగిరి పట్టిన బంతికి నేను సుత చప్పట్లు కొట్టిన.
తిరిగొచ్చేటప్పుడు గొంతుల ప్రశ్నలు,
ఆ మూడోదెట్ల పోయింది, ఎవరి తప్పు, మేడం ఏమన్నది,
అన్ని దిగాల్సిన స్టేజి దాటిన ప్యాసింజర్ల లెక్క తొక్కులాడుతున్నయ్.
తలుపు తియ్యలే.
"ఆకలైతున్నదా?" అని ఒక్కటే అడిగిన.

అల్వాల్‌ల బండి కాడ ఇడ్లి తినుకుంట
"నువ్వు చెయ్యి ఎనుకకు పెట్టి సైగ చేస్తవ్ గద,
నాకు మస్తు నచ్చింది" అన్న.
ఇడ్లి చేతులనే ఆగింది.
"అది చూసినవా నువ్వు?"
ఇగ అడగకముందే మొత్తం మ్యాచ్ చెప్పింది,
చట్నీ గిన్నె గోల్ అయింది, చెంచా తబస్సుమ్ అయింది.

బస్సుల ఆడోళ్ళకు జీరో టికెట్ కొడ్త.
ఏడెక్కినవో ఉంటది, ఏడ దిగుతవో ఉంటది,
ఏమియ్యాలె అన్న కాడ సున్నా.
నా చప్పట్లు సుత గట్లనే కొట్టాలె అనుకున్న.

అనుకున్న గని,
మొన్న సెకండ్ హాఫ్‌ల ఒక్కపారి నోరు జారింది.
రుత్విక గ్రౌండు నడుమల నుంచి నా దిక్కు చూసి
వేలు పెదాల మీద పెట్టింది.
నవ్వింది.
నేను ఇంకిన్ని సోంపు ఏసుకున్న.