బూజు కష్టాలు బూజువి

అమ్మ మడ అడవి బురదలో
మోచేతి దాకా చెయ్యి దూర్చి
పీతను వెనక నుంచి పట్టేది.
రెసీఫీ వంతెనల కింద పోటు తీసే వేళ
నాకు ఆమె వీపు ఒక్కటే కనిపించేది,
నల్లగా, తడిగా, చిప్పలాగే.

నాకు పీత పడదు. రొయ్యా పడదు.
తొమ్మిదో ఏట రెండు చెంచాల పులుసు తిని
పెదవులు వాచి, గొంతు మూసుకుపోయి
బస్సు మెట్ల మీద నీలంగా పడిపోయాను.
"పెట్టిన చేతినే కాదన్న ఒళ్ళు" అంది అమ్మ
ఆసుపత్రి బెంచీ మీద.
ఏడుస్తూ అందో, తిడుతూ అందో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

అందుకే కాబోలు
నలభై రెండేళ్ళ వయసులో నేను బూజు పెంచుతున్నాను.

రొట్టె మీది పచ్చ మచ్చ కాదు ఇది.
కాటింగా ముళ్ళపొదల కింద
వాన మొహం చూడని మట్టిలో దొరికింది.
కర్రపెండలం పిండి మిల్లు నుంచి జుసెలీనో
ప్లాస్టిక్ డబ్బాల్లో మోసుకొచ్చే పసుప్పచ్చ కంపు నీళ్ళు
ఏట్లోకి వదిలితే చేపలు తేలతాయి.
దీనికి పోస్తే
నాలుగు రోజుల్లో ఫ్లాస్కు నిండా తడి దూది.

వడకట్టి, కడిగి, ఎండబెట్టి, తూచి
క్షారంలో వేసి ఆవిరిపాత్ర మూత బిగిస్తాను.
మాంసకృత్తులూ కొవ్వులూ
అన్నీ లొంగిపోయి కరుగుతాయి.
లొంగనిది అడుగున మిగులుతుంది.
బూజు తన చుట్టూ తానే కట్టుకున్న గోడ అది.

ఆ గోడను వెనిగర్ లాంటి పుల్లటి నీళ్ళలో కాస్తే
రెండుగా విడిపోతుంది.
కైటోసాన్ కరిగి నీళ్ళవెంట వెళ్ళిపోతుంది.
కైటిన్ కదలనంటుంది.
ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు.
ఒకతి కాస్త పులుపు తగిలితే మెత్తబడుతుంది,
రెండోది ఉహూ.
వెళ్ళిపోయినదాన్ని వెనక్కి పిలవడానికి
మళ్ళీ క్షారం, చుక్క తర్వాత చుక్క.
తేట నీళ్ళలో ఎక్కడా లేనిది
పాలు విరిగినట్టు తెల్లగా తేలుతుంది.

చెప్పినంత తేలిక కాదు.
మొదటిసారి మాడబెట్టాను.
రెండోసారి తొందరపడి కడగడం ఆపేశాను.
మూడోసారి కరెంటు పోయింది,
చీకట్లో యంత్రం గిరగిరా నెమ్మదించే చప్పుడు వింటూ కూర్చున్నాను.
నాలుగోసారి, పది గ్రాముల బూజుకి
అర గ్రాము.

దాని పేరు అది నిజంగా చెబుతోందో లేదో
పరారుణ కాంతిని అడగాలి.
కాగితం మీద గీత లోయల్లోకి దిగి ఎక్కింది.
ప్రొఫెసర్ లుసినెట్ పీత చిప్పల గీతను దాని మీద పరిచి
కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.
ఒకదాని నీడలో ఒకటి.
"నీకు పడనిది చిప్ప కాదమ్మాయ్,
చిప్పను వదలని మాంసం" అంది.

ముప్పై మూడేళ్ళు నేను కోపం పెట్టుకున్నది
తప్పు మనిషి మీదన్నమాట.

పీత కష్టాలు పీతవి అంటారు.
బూజువి ఎవరడిగారు?
ఎముకల్లేవు, గోళ్ళు లేవు, పారిపోవడానికి కాళ్ళు లేవు.
పీత వీపున మోసే సరుకుతోనే
చీకట్లో, చప్పుడు లేకుండా
పోగు పోగుకీ గోడ కట్టుకుంది.

శనివారం అమ్మ ల్యాబుకొచ్చింది.
చిప్పలు కోసిన వేళ్ళు, పాత గాట్ల మీద కొత్త గాట్లు.
పొడిని ముక్కు దగ్గర పెట్టుకుంది.
"బురద వాసన లేదే" అంది, కొంచెం అనుమానంగా.
"కిలో ఎంత పలుకుతుంది?" అంది.
చెప్పాను.
పెరట్లో కుప్పలుగా పోసిన చిప్పలన్నీ
గుర్తొచ్చాయి కాబోలు, చాలాసేపు నవ్వింది.

తర్వాత నా అరచెయ్యి తెరిచి
చిటికెడు అందులో వేసి
గుప్పిట మూయించింది.
మాట్లాడలేదు.
నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.

పది నిమిషాలయింది.
ఇంకా చూస్తోంది.