గాలి దాహం

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు మా ఆదోనిలో.
ఈ అయనావరంలో రోళ్ళు పగలవు,
ఉప్పు కరుగుతుంది.
సీసాలో గుప్పెడు బియ్యపు గింజలేసి పెట్టినా
తెల్లారేసరికి అడుగున నీళ్ళూరి ఉంటుంది.

నాది ఇస్త్రీ బండి.
కార్పొరేషన్ స్కూలు గోడకు ఆనించి, పైన నీలం పట్టా.
బొగ్గుల పెట్టె ఏడు కిలోలు,
దాని వేడి ఎంతో ఏ రేడియోలోనూ చెప్పరు.

ఆడైతే గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తే
పెట్టె చేరేలోపే ఆరిపోయేది.
చిలకరించు, తోయి, మళ్ళీ చిలకరించు.
ఈడ నీళ్ళ గిన్నె ఊరికే పెట్టుకున్నాను, అలవాటు చావక.
తాడు మీద నిన్నటి లంగా
ఇంకా నిన్నట్లోనే ఉంది.

చొక్కా చూస్తే ఊరు చెబుతాను.
మద్దిలేటి నంద్యాల నుంచి బియ్యం లారీ తోలుకొస్తాడు.
వాడి చొక్కా వీపున తెల్లటి గీతలు,
కుంట ఎండుతూ ఎండుతూ ఒడ్డున విడిచిన గీతల్లాగా
ఒకదాని లోపల ఒకటి.
ఈ వీధివాళ్ళ చొక్కాలకు గీతలుండవు.
తడి ఉంటుంది, వాసన ఉంటుంది,
కాలరు మడతలో నల్లటి బూజు చుక్కలు.
బెంగుళూరు నుంచి దిగిన కంప్యూటరు పిల్లోడి చొక్కా ఒకటొచ్చింది,
వారం తొడిగాడంట,
దానికి మనిషి వాసనే పట్టలేదు.

"మాకు నలభై నాలుగు" అంటాడు మద్దిలేటి
బస్తాల లెక్క చెప్పినట్టు.
"ఈడ ముప్ఫై ఏడే కదక్కా, ఎందుకట్లా ఒగరుస్తావు?"
వాడు దిగి పది నిమిషాలు కాలేదు,
చేతిలోంచి టీ గ్లాసు జారింది.
దమయంతి నవ్వింది. పలాస పిల్ల, కీల్పాక్ ఆస్పత్రిలో నర్సు.
"మా వైపూ ఇంతేనన్నా, ముప్ఫై అయిదుకే ప్రాణం విసిగిపోతాది.
అంకె ఒక్కటీ అడిగితే ఎలా?
గాలిలో నీళ్ళెన్నో అడగాల."

నాకు అంకెలు రావు, కుండ తెలుసు.
ఆదోని నుంచి ఒళ్ళో పెట్టుకు తెచ్చుకున్న కుండ,
దాని చుట్టూ తడి గోనె.
ఆడ మిట్టమధ్యాహ్నం ముంచుకు తాగితే పళ్ళు జివ్వుమనేవి.
ఈడ అదే కుండ, అదే గోనె,
నీళ్ళు నోట్లో పోసుకుంటే పోసుకున్నట్టే తెలియదు.
ఆడ గాలికి దాహం.
కుండను తాగుతుంది, గుడ్డను తాగుతుంది,
కంట్లో తడిని, నాలుక మీది మాటను.
ఈడ గాలి కడుపునిండా సముద్రం తాగి వచ్చింది.
నా చెమట ఇస్తానన్నా
చాలమ్మా అంటుంది.

ఏది మేలక్కా అని అడిగాడు మద్దిలేటి.
నేను పెట్టె మూత తీసి బొగ్గులు ఊదాను.

మా అన్న ఉరుకుందు మార్కెట్ యార్డులో హమాలీ.
ఆ రోజు మూడింటికి ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు.
పొద్దున్నుంచి మూటలు మోసిన మనిషి.
చొక్కా మాత్రం
నేనే ఇస్త్రీ చేసి ఇచ్చినంత పొడిగా ఉంది.
చెమట లేదు కదా, చల్లబడ్డాడనుకున్నాను.
మజ్జిగలోకి ఉల్లిపాయ తరిగాను, తీరిగ్గా,
కరివేపాకు కోసం పక్కింటికి కూడా పోయొచ్చాను.
చెంబు అందించబోతే
నన్ను చూసి ఇంకెవరినో పిలుస్తున్నాడు.
వీపు నిండా తెల్లటి గీతలు.
వాటిని చదవడం అప్పటికి నాకు రాదు.
ఆ చొక్కా ఇప్పటికీ ఉతకలేదు.

ఒంటిగంట దాటింది. సముద్రపు గాలి ఇంకా రాలేదు.
వస్తే ముందు ఈ పట్టా మూలకే తెలుస్తుంది.
దమయంతి డ్యూటీకి పోయింది,
యూనిఫాం మడత ఆరకుండానే.
మద్దిలేటి లారీ కింద నీడలోకి దూరబోతుంటే
"రేయ్, ఇట్రా" అన్నాను.
వాడి వీపు మీద చెయ్యి పెట్టి చూశాను,
గుడ్డ చూసినట్టు, వేళ్ళతో.
తడి. జిగటగా, బంక బంకగా, వదలని తడి.

"ఏందక్కా?"
"ఏం లేదు. కుండలో నీళ్ళున్నాయి,
వెచ్చగానే ఉంటాయి.
రెండు చెంబులు తాగి పడుకో."