పద్నాలుగో రూలు

గవర్నరుపేటలో ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు.
సెల్‌ఫోన్లకు అద్దాలు మార్చే కొట్టుంది అక్కడ.
వెనక గదిలో, కటింగ్ మిషను పక్కన,
ఆదివారం మధ్యాహ్నాలు
కారెంపూడి ఉండేది.

భోజనాల బల్లలు నాలుగు కలిపితే నేల.
పాత నిఘంటువుల మీద ఆకుపచ్చ దుప్పటి కప్పితే గుట్టలు.
మిఠాయి పొట్లాల నీలం కాగితం, నాగులేరు.
కొండపల్లి నుంచి బ్రహ్మలింగం సంచిలో మోసుకొచ్చిన
పొణికి చెక్క పొట్టు
రంగులో ముంచి ఆరబోస్తే పచ్చిక.
నాకు పదకొండేళ్ళు.
టీ తేవడం, శవాలు లెక్కపెట్టడం నా పని.

సైనికుడు బొటనవేలి కణుపంత.
కంపోజిటరు దేవసహాయం పోతపోసేవాడు.
సీసం ఎక్కడిదంటే,
టైపు కేసులో చివరి గళ్ళలో
ఎవరూ అడగని అక్షరాలు:
ఌ, ౡ, ఙ, ఞ, అరిగిన బండి ఱ.
"ఇరవై ఏళ్ళుగా పన్లేదురా వీటికి.
కూర్చుని తింటున్నాయి.
యుద్ధానికి పంపుదాం."
బొగ్గుల మీద ఇనప గరిటెలో
అక్షరం ముందు తలకట్టు విడిచేది,
తర్వాత ఒళ్ళు మరిచేది.

రూల్సు రాసింది రైల్వే గార్డు మస్తాన్ వలీ.
ఏడు పేజీలు, ఊదారంగు సైక్లోస్టైలు.
గుర్రం విడతకు పన్నెండంగుళాలు, ఏరు దాటితే ఆరు.
బాణానికి రెండు పాచికలు.
భయపడ్డ దళం వెనక్కి చూడకుండా పరిగెత్తాలి.
కొలత దర్జీ టేపుతో.
టేపు సాగిందన్నారు నిడమర్తి మాస్టారు.
సాగలేదన్నాడు గార్డు.
రెండు వారాలు మాటల్లేవు.
మూడో ఆదివారం బల్ల మీద కొత్త టేపుంది.
ఎవరు కొన్నారో
చచ్చేదాకా ఇద్దరూ చెప్పలేదు.

తలపాగాలకు ఎరుపు, మాస్టారి భార్య గోళ్ళరంగు.
సీసా వెతుక్కుంటూ ప్రెస్సుకే వచ్చింది రుక్మాంబ గారు.
చెంగు దోపుకుని బల్లంతా చూసి
"ఆ గుట్ట వెనక ఎవర్నీ పెట్టలేదేం?" అంది.
ఆ రోజు నుంచి కుడివైపు సైన్యం ఆవిడది.
మాచర్ల మళ్ళీ ఓడిపోలేదు.

లోకంలో ఇంకెవరైనా ఈ పని చేస్తారని
వాళ్ళకు తెలీదు.
ఓసారి తుక్కు కాగితాల గోనెలో
ఇంగ్లీషు పత్రిక ముక్కొకటి దొరికింది.
ఏదో చలిదేశం. కోటు వేసుకున్న ముసలాయన
బల్ల మీద వంగి, తగరపు సిపాయిని
రెండు వేళ్ళతో జరుపుతున్నాడు.
పెద్దవాళ్ళంతా చుట్టూ మూగారు.
చాలాసేపు చూసి మస్తాన్ వలీ అన్నాడు,
"ఈయనకీ నడుం నొప్పే."

ఆఫ్‌సెట్ వచ్చింది. టైపంతా కిలోల లెక్కన అమ్మేశారు.
తూకానికి ముందు రాత్రి
బిస్కట్ల డబ్బా చంకన పెట్టుకుని దేవసహాయం మా గుమ్మంలో.
"వీళ్ళ పేర్లు జాబితాలో లేవు.
నీ దగ్గరుంచు."
లోపలికి రమ్మంటే రాలేదు.

రెండు వందల పన్నెండు మంది.
మొన్న పటమట నుంచి నలుగురు కుర్రాళ్ళొచ్చారు.
పార్సిళ్ళలో తెప్పించిన ప్లాస్టిక్ దళాలు,
ముక్కు మీద నీడ కూడా వేసిన రంగులు.
నేను పదేళ్ళు ప్రయత్నించినా అంత బాగా వెయ్యలేను.
వాళ్ళలో ఒకడు నా సిపాయిని తిరగేసి
పాదం కింద, సరిగ్గా కరగని చోట,
తిరగబడ్డ ఞ మెలిక చూశాడు.
"అంకుల్, ఇది కంపెనీ గుర్తా?"
అవునన్నాను.

రూల్సు కాగితం ఊదా వెలిసి
దాదాపు తెల్లగా ఉంది.
పద్నాలుగోది చూడకుండానే చదివాను:
పడినవాళ్ళను పడేసినట్టు వదలరాదు.
డబ్బాలో పక్కపక్కన పడుకోబెట్టాలి.
వచ్చే ఆదివారం లేస్తారు.

కుర్రాళ్ళు గుట్టలు సర్దుతున్నారు.
టేపు తెచ్చుకున్నారు, స్టీలుది, సాగనిది.
ఆ గుట్ట వెనక ఎవరూ లేరు.
చెబుదామనుకుని, ఊరుకుని,
టీ తేవడానికి లేచాను.