కొట్టివేత

పదకొండేండ్లకు ఆదోని మీద గెలిచినాం.
రెండు, ఒకటి.
రెండోది హంపన్న ఎడమకాలితో కొట్టినాడు,
ఎనభై ఏడో నిమిషంలో,
జనం లేచి చెప్పులు వెతుక్కుంటా ఉన్నప్పుడు.
బంతి వలలో పడేసరికి
గుంతకల్లు రైల్వే గ్రౌండు గోడ వెనకాల
బళ్ళారి ప్యాసింజరు కూత పెట్టింది.
మాకోసమే అనుకున్నాం.

మార్చిలో లీగు కమిటీ జాబు వచ్చింది.
ఆదోని జట్టు మధ్యలో విరమించినందున
ఆ జట్టు ఆడిన ఆటలన్నియు
ఆడనట్లుగానే పరిగణించడమైనది.

ముప్పై రెండేండ్లు గూడ్సు ఆఫీసులో
వ్యాగన్లు లెక్కపెట్టినోణ్ణి నేను.
వచ్చిన వ్యాగను రాలేదని
ఒక్కనాడూ రాయలేదు.

పంపాపతికి పత్తిమిల్లు ఉండేది.
జట్టు కొన్న ఏడు ఊరంతా ఫ్లెక్సీలు.
కేరళ నుంచి ఒక స్ట్రైకరు, మణిపూరు నుంచి ఇద్దరు,
వాళ్ళకు ఏసీ రూములు,
బస్సుకు ఎర్ర రంగు, బస్సు మీద ఆయన మొగం.
ఆ డబ్బు యాడిదని అడిగినోళ్ళు లేరు.
అడగాల్సినోళ్ళు
తూకం చీటీలు చేత పట్టుకోని
మిల్లు గేటు కాడ కూర్చున్న పత్తి రైతులు.
వాళ్ళూ ఆదివారం మ్యాచికి పోయి
ఈలలేసి వచ్చినారు.

మా మస్తాన్‌వలి తల గోక్కుంటా వచ్చినాడు.
“సార్, ఆదోనోళ్ళు నెలకు నలభై ఇస్తారంట.”
తప్పు వానిది కాదు.
నా డిపాజిట్టు మీద లోను తీసి వాణ్ణి ఆపుకున్నా.
లేని డబ్బుతో ఆయన ధర పెంచినాడు,
ఉన్న డబ్బుతో మేము వంత పాడినాం.

మిల్లుకు బ్యాంకోళ్ళు సీలేసిన వారానికి
రెండో నెంబరు ప్లాట్‌ఫారం మీద
కేరళ పిల్లోడు కనపడినాడు,
బూట్లు మెడలో వేలాడేసుకోని, రైలు మారడానికి.
కుళ్ళాయమ్మ బండి కాడ ఉగ్గాని తినిపించినా.
ఐదు నెలల జీతం రాలేదంట.
తెలుగేమన్నా వచ్చునా అంటే నవ్వినాడు.
ఒక్క మాట వచ్చు సార్, అని
యాస లేకుండా పలికినాడు:
“రేపు.”

పంపాపతి మునిగితే నవ్వాలని ఎన్నేండ్ల ఆశ.
రెండు దినాలు నవ్వినా కూడా.

పత్తికొండోళ్ళు ఆదోని చేతిలో ఆరు గోల్సు తిన్నారు.
అవీ కొట్టేసినారు.
మా మూడు పాయింట్లూ కొట్టేసినారు.
ఆరు తిన్నోడు మా మీదికెక్కి కూర్చున్నాడు,
గెలిచినోళ్ళం రెండో డివిజనుకు దిగినాం.
సెక్రటరీ కాయితం మీద కూడి చూపించినాడు.
లెక్క సరిగ్గానే ఉండాది.

హంపన్న స్కోరుబుక్కు అడిగినాడు.
ఎర్రసిరా గీత, స్కేలు పెట్టి గీసింది,
సన్నగా,
కింద వాని పేరు కనపడేటట్టు.
“నేను కొట్టినా కదా సార్?”
కొట్టినావు.
“మరి కొట్టేసినారే?”
మన భాషలో రెండిటికీ
ఒకే మాట ఏమిటికి పెట్టినారో
నాకు తెలీదు నాయనా.

ఆదోని మ్యాచి నాడు
కుళ్ళాయమ్మ నాలుగొందల ప్లేట్లు అమ్మేది.
ఆ ఒక్క దినం గేటు డబ్బే మాకు
ఏడాది పొడుగునా బంతులు, సున్నం, మోకాళ్ళకు కట్లు.
నాలుగు లారీల జనం దిగి
మా వంశాలన్నీ తిట్టి పోయేటోళ్ళు.
ఈ ఏడు తిట్టేదానికి ఎవరూ రాలేదు.
ఇంత నిశ్శబ్దంగా
మమ్మల్ని ఎవరూ ఓడించలేదు.

నిన్న పొద్దుగూకే వేళ
బళ్ళారి జెర్సీల కొట్టాయన ఫోను చేసినాడు.
పద్దెనిమిది వేలు, పోయినేటి బాకీ.
కిటికీలోంచి చూస్తే
హంపన్న ఒక్కడే,
గోలీ లేని గోలుకు కొడతా ఉన్నాడు,
పోయి బంతి తెచ్చుకోని మళ్ళా కొడతా ఉన్నాడు.
“ఎప్పుడిస్తారు సార్?”
నోరు తెరిచినా.
వచ్చింది ఆ మాటే.