మరపు గుణకం

సొహార్ తీరం వెంట నలభై మూడు పెట్టెలు,
సముద్రాన్ని తాగునీరు చేసి మోసుకొచ్చే గొట్టాల మీద
కాపలా.
వాటికి పెద్ద లేడు.
మస్కట్‌లో కూర్చుని ఇది నిజం, ఇది అబద్ధం అని
తేల్చే యంత్రం లేదు.
పక్కదాని మాట పక్కది వింటుంది,
తన లెక్కతో సరిచూసుకుంటుంది,
కలిస్తే ఒక మెట్టు పైకి, కలవకపోతే మూడు మెట్లు కిందికి.
ఆ సూత్రం రాసింది నేనే.

పదిహేడో పెట్టె
జూలై తేమకి తప్పు చెప్పింది.
గొంతులో ఉప్పు పేరుకుని
లేని కారుడు ఉందంది, రెండు రాత్రుల్లో పదకొండు సార్లు.
పదహారు దాన్ని వినడం మానేసింది.
పదహారు మాట విని పద్దెనిమిది మానేసింది.
ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరూ తిట్టలేదు.
వెలి వెయ్యడానికి పంచాయితీ అక్కర్లేదని
ఆ వారం తెలిసింది.

క్యాంపులో భూమేశ్‌దీ అదే అంకె.
రంజాన్ ముందు ఆరుగురి దగ్గర
ఐదేసి రియాళ్ళు చేబదులు తీసుకుని నెల దాటించాడు.
తర్వాత బైసాతో సహా తీర్చాడు.
కానీ తీర్చిన సంగతి
తీర్చని సంగతంత దూరం నడవలేదు.
మూడో గది చీటీలో అతన్ని అడగలేదు.
వంటకి వంతులేసుకునేటప్పుడు
ఉప్పూ పప్పూ కొనే పని మాత్రం అతనికి రాకుండా చూశారు.

ఆగస్టు, రాత్రి రెండున్నర.
డ్యూటీ దిగి వస్తూ ఫోన్ చేశాడు.
"సార్, ఆరో పంపు కాడ ఇసుక తడిగున్నది.
కాలు వెడితే దిగవడ్తున్నది."
తెర చూశాను. అంతా పచ్చగా ఉంది.
మూలన ఒక్కటే మొత్తుకుంటోంది,
పదిహేడు.
దాని మాట విలువ నూటికి నాలుగు.
బాగానే కుదిరారు ఇద్దరూ అని నవ్వుకున్నాను కూడా.
"పడుకో భూమేశ్" అన్నాను.

తెల్లారేసరికి రోడ్డు లేదు.
రెండు వేల ఇళ్ళ నీళ్ళు ఇసుక తాగేసింది.

విచారణలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు.
అంతా సూత్రం ప్రకారమే జరిగిందని రాసుకున్నారు.
నా మీద నమ్మకం చెక్కు చెదరలేదు.
నాకు అన్నం అరగనిది అందుకే.

ఇప్పుడు సూత్రంలో ఒక అంకె చేర్చాను,
మరపు గుణకం.
రోజూ అర్ధరాత్రి పాత తప్పు బరువులో
నూటికి రెండు వంతులు రాలిపోతాయి.
తొందరగా మరిస్తే దొంగ దొర అవుతాడు,
అసలు మరవకపోతే పదిహేడుకి నోరుండదు.
రెండు సరైనదో కాదో తెలీదు. అక్కడ ఆపాను.
నిన్న పదహారు
దాన్ని ఒకసారి అడిగి చూసింది.

క్యాంపుకి కీబోర్డు లేదు.
శుక్రవారం మూడో గదికి వెళ్ళి
చీటీలో భూమేశ్ పేరు రాయమన్నాను, పూచీ నాది అన్నాను.
రాసే పోశెట్టి కలం ఆపి
నా మొహం చూశాడు,
ఎన్ని మెట్లో లెక్కేసుకుంటూ.

గుమ్మం దగ్గర భూమేశ్,
తువ్వాలు భుజాన వేసుకుని:
"గీ మాట ఆ రాత్రి అనకపోతివి సార్."